అమ్మాయి అమెరికా వెళ్తోందా? డిపాజిట్ల లెక్క చూశారా!

అమెరికా పౌరసత్వం ఉన్న అబ్బాయితో పెళ్ళి కుదరగానే చీరలు, నగలు, పచ్చళ్ళు, పొడుల హడావిడిలో పడతాం. అమ్మాయి పేరున బ్యాంకులో వేసిన డిపాజిట్ల మాట ఎవరికీ తట్టదు. "ఇక్కడి డబ్బుతో అక్కడివాళ్ళకేం పని?" అనుకుంటాం. పని ఉందండీ!

అమెరికా పౌరులూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అక్కడ లెక్క చూపాలి. అమ్మాయి గ్రీన్‌కార్డు హోదాతో అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచీ మన ఊరి డిపాజిట్ వడ్డీ, ఇంటద్దె కూడా ఆ లెక్కలోకి వస్తాయి. మొదటి ఏడాదే భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేయవచ్చు. చాలామందికి దానివల్ల పన్ను తగ్గుతుంది. కానీ అలా వేస్తే, ఆమె వెళ్ళకముందు నెలల ఆదాయం కూడా చూపాలి.

అయితే రెండుచోట్లా పన్ను కట్టాలా? కంగారుపడకండి. రెండు దేశాల మధ్య 1989లో ఒప్పందం కుదిరింది. ఇక్కడ కట్టిన పన్నును పరిమితికి లోబడి అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు. అందుకే టీడీఎస్ కాగితాలు పారేయకూడదు. ఎన్నారై అయ్యాక తెరిచే ఎన్నార్ఈ ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ మాత్రం ఉంది.

అసలు చిక్కు మరొకటి. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, పన్ను పడినా పడకపోయినా ఎఫ్‌బార్ అనే పత్రం విడిగా దాఖలు చేయాలి. మీతో జాయింటుగా ఉన్న ఖాతాలో డబ్బంతా మీదే అయినా సరే, మొత్తం ఆమె లెక్కలోకే వస్తుంది. మానేస్తే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది. ఒంటిమీది నగలు, లాకర్లోని బంగారం మాత్రం ఇందులోకి రావు.

ప్రయాణానికి ముందే ఇవి చూసుకోండి:

● అమ్మాయి పేరున్న ఖాతాలు, డిపాజిట్లు, జాయింటువి కూడా ఒక పుస్తకంలో రాసివ్వండి.

● మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించండి. దాని వడ్డీలో 30 శాతం పైన టీడీఎస్ కోస్తారు. ఎక్కువ కోసినది రిటర్ను వేసి తిరిగి తీసుకోవచ్చు.

● అమెరికా లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా, మనది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. కాబట్టి బ్యాంకులో నెలవారీ వడ్డీ వివరాలు అడగండి.

రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌ను ఒక్కసారి కలవండి. ఆయన ఫీజు ఆ జరిమానాతో పోలిస్తే ఏపాటి?