కావ్యపురం – కుళాయి నీరు

ప్రాచీనాలంకారికులు మహాకావ్యంలో ఉండదగిన వర్ణనలను పేర్కొంటూ నగరాన్ని మొట్టమొదట నిలిపారు. సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రసూర్యోదయాలు ఆ తరువాతనే వస్తాయి. వీటినే అష్టాదశ వర్ణనలు అంటారు. మన ప్రబంధకవులు ఈ నియమాన్ని ఎంతో మక్కువతో పాటించారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు నివసించే అరుణాస్పదపురం వరణానదీ తీరాన కవి మాటలతో కట్టిన నగరం. మబ్బులను తాకే మేడలు, పాతాళం దాకా లోతైన అగడ్తలు, ఏడాది పొడుగునా పూచే తోటలు ప్రబంధ పురాలకు సామాన్య లక్షణాలు. ఆ ఊళ్ళలో కరవు ఉండదు. అగడ్తలోకి నీరు ఎక్కడి నుండి వచ్చింది, మేడపైకి దానిని ఎవరు మోశారు, మురుగు ఎటు పోయింది అన్న ప్రశ్నలు ఆ పద్యాలలో తలెత్తవు. తలెత్తలేదని కవిని తప్పుపట్టనక్కరలేదు. అది ఆయన పని కాదు.

అయితే ఒక్కొక్కచోట కవి కన్ను నగర నిర్వహణపై కూడా పడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరును వర్ణిస్తూ ఒక చక్కని దృశ్యాన్ని కల్పించాడు. పొలాల మధ్య కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రిస్తుంటాయి. ఊరి కావలివాళ్ళు వాటిని చూసి, వేకువనే స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు మరచిపోయిన పిండిన వస్త్రాలనుకొంటారు. వాటిని ఇళ్ళకు చేర్చాలని రేవులోకి దిగగానే బాతులు పరుగు తీస్తాయి. అది చూసి వరిచేలు కాచే పడుచులు నవ్వుతారు. పాఠకులు ఈ పద్యంలోని భ్రాంతిని మెచ్చుకొంటారు. దానితోపాటు మరొకటి గమనించదగినది. పోయిన వస్తువును యజమాని ఇంటికి చేర్చడం తలారి విధి అని ఆ కవిరాజు భావించాడు. అదే గ్రంథం చతుర్థాశ్వాసంలోని రాజనీతి భాగంలో, చెరువులు, కాలువలు తవ్వించి పేదవానికి పన్నులో వెసులుబాటు కల్పిస్తే చిన్న దేశమైనా ధర్మార్థాలలో వృద్ధి చెందుతుందని చెప్పించాడు. విజయనగర కాలంలో తుంగభద్ర నుండి తీసిన రాయ, బసవన్న కాలువలు నేటికీ పనిచేస్తున్నాయి. ఆ మాట చెప్పిన రాజుకు కాలువ విలువ తెలుసునని వేరే చెప్పనక్కరలేదు.

కల్పిత నగరాల పరంపర ప్రబంధాలతో ఆగిపోలేదు. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మాయాబజార్’ చలనచిత్రంలో ఘటోత్కచుని అనుచరులు క్షణాలలో ఒక నగరాన్ని సృష్టిస్తారు. విడిది భవనాలు, అంగళ్ళు, వస్తువులు, సేవకులు అన్నీ సిద్ధం. మంత్రం పలికితే సేవ నడుస్తుంది. మంత్రం ఉపసంహరిస్తే నగరమే మాయమవుతుంది. మరమ్మతు లేదు, పన్ను లేదు, రేపు అన్న చింత లేదు. కల్పిత నగరానికీ మనం నివసించే పట్టణానికీ గల అసలు భేదం అక్కడే ఉంది. మేడలు మన పట్టణాలలోనూ ఉన్నాయి. కాని ఇక్కడ ప్రతి సేవనూ ప్రతిరోజూ మళ్ళీ చేయవలసిందే.

మన రాజ్యాంగంలోనూ నగరాన్ని గురించి ఒక అష్టాదశం ఉండడం విశేషం. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పన్నెండవ షెడ్యూలు పురపాలక సంఘాలకు అప్పగించదగిన పద్దెనిమిది విధులను పేర్కొన్నది. పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, అగ్నిమాపక సేవలు, వీధి దీపాలు, శ్మశానాలు, బందెలదొడ్లు, జనన మరణాల నమోదు, పశువధశాలల నియంత్రణ వంటివి అందులో ఉన్నాయి. సూర్యోదయ చంద్రోదయాలకు అందులో చోటు లేదు. ఈ పద్దెనిమిదింటిలో నీటి సరఫరా అయిదవది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో మాత్రం దానిని మొదటిదిగా భావించాలి.

ఆ ప్రాంతంలోని ముఖ్య పట్టణం ఆదోని. కొండలపై దుర్గం, దాని పాదాల వద్ద పట్టణం. విజయనగర రాజులు, బిజాపురు సుల్తానులు, మొగలులు, నిజాములు ఈ దుర్గం కోసం పోరాడారు. 1800లో నిజాము బ్రిటిషువారికి వదలిన దత్తమండలాలలో ఇది చేరింది. పిమ్మట బళ్ళారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలో కలిసింది. మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం చేసిన 1865లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. ఆంధ్రదేశంలోని తొలి పురపాలక సంఘాలలో ఇది ఒకటి. పత్తి, వస్త్ర, బంగారు వ్యాపారాల వలన దీనిని రెండవ ముంబాయి అని కూడా పిలిచేవారు.

ఇన్ని సంపదలున్న ఈ ఊరికి నది లేదు. వాన నీటిని పట్టి ఉంచే రాంజల వంటి చెరువులు, బావులు ఉండేవి. వాన తప్పితే అవీ తప్పేవి. పురపాలక సంఘం ఏర్పడిన పదకొండేళ్ళకే ధాత కరవు వచ్చింది. 1876–78 మధ్య నడిచిన ఆ కరవులో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. నేటికీ ఈ పశ్చిమ మండలాల నుండి వేలాది కుటుంబాలు పంటలు ముగియగానే గుంటూరు వైపు మిరప కోతకు వెళతాయి. ఆ వలసను ‘సుగ్గి’ అంటారు. కన్నడంలో పంటకాలపు సంబరాన్ని తెలిపే ఆ పదం ఇక్కడ ఇల్లు విడిచి వెళ్ళడానికి పేరయింది. ఒక పదం సరిహద్దు దాటి ఇంతగా అర్థం మార్చుకోవడం అరుదు.

ఇటువంటి నేలకు నీరు తెచ్చినది తుంగభద్ర ఆనకట్ట. 1945లో శంకుస్థాపన జరిగి, 1953 నాటికి హోస్పేట వద్ద జలాశయం సిద్ధమయింది. కుడిగట్టు నుండి బయలుదేరే దిగువ కాలువను జనం ఎల్.ఎల్.సి. అని పిలుస్తారు. అది ఇంచుమించు 250 కిలోమీటర్లు కర్ణాటక భూభాగంలో ప్రవహించి, హాలహర్వి ప్రాంతంలో కర్నూలు జిల్లాలో ప్రవేశిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పొలాలకూ ప్రజల గొంతులకూ అదే ఆధారం. కాలువ ఏడాది పొడుగునా పారదు. అందువలన పారుతున్న రోజులలోనే నీటిని వేసవి నిల్వ చెరువులోకి మళ్ళించి దాచుకోవాలి. ఆదోనికి బసాపురం వద్ద ఉన్న చెరువు అటువంటిది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని జనాభా లక్షా అరవై వేలకు పైబడి ఉంది. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమని ప్రామాణిక గణన. ఆ లెక్కన పట్టణానికి రోజుకు దాదాపు రెండుంబావు కోట్ల లీటర్లు కావాలి. కాలువ నాలుగు నెలలు మూతపడితే సుమారు 270 కోట్ల లీటర్లు. వినడానికి ఇది పెద్ద సంఖ్య. కాని ఒక టి.ఎం.సి. అంటే 2,830 కోట్ల లీటర్లు. అంటే ఆదోని ప్రజలు వేసవి గడవడానికి ఒక టి.ఎం.సి.లో పదో వంతు చాలు! పూడిక చేరిన తరువాత కూడా తుంగభద్ర జలాశయంలో 105 టి.ఎం.సి.లకు పైగా నిల్వకు చోటుంది. మరి వేసవిలో వీధి కుళాయి ముందు బిందెల వరుస ఎందుకు?

నీరు లేకపోవడం కంటె నీటి దారి పొడవు కావడమే ఇందుకు ముఖ్య కారణం. 250 కిలోమీటర్ల దూరంలో కొంత నేలలో ఇంకుతుంది. కొంత ఆవిరవుతుంది. ఈ ప్రాంతంలో మండు వేసవిలో చెరువు మట్టం రోజుకు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎండకే తగ్గుతుంది. నూరు రోజులలో అది నిలువెత్తుకు సగం దాటుతుంది. పైభాగంలో కొందరు మోటార్లతో కాలువ నీటిని తోడుకొంటారు. దిగువన ఉన్నవారికి మిగిలినదే వాటా. పంటకు నీరు కావాలని రైతు, తాగడానికి కావాలని పట్టణం ఒకే కాలువను చూస్తారు. 1987 జాతీయ జలవిధానం తాగునీటికి ప్రథమ స్థానం ఇచ్చింది. కాని కంకి మీదున్న పైరు ఎండుతుంటే ఆ నియమం రైతుకు ఎంత కఠినమో ఆలోచించాలి. ఇందులో ఒకరిది న్యాయం, మరొకరిది అన్యాయం అని నిర్ణయించడం సులభం కాదు.

ఈ దారిలో ఎక్కడ తెగినా చివర ఉన్న ఊరికి తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయం నుండి నీరు నదిలోకి వృథాగా పోయింది. నిపుణులు వారం రోజులలో తాత్కాలిక గేటును అమర్చి ప్రవాహాన్ని ఆపగలిగారు. ఆ వారమంతా ఆదోని, ఎమ్మిగనూరు వైపు వారు తమకు కనబడని ఒక గొలుసును గురించి మాట్లాడుకోవలసి వచ్చింది.

చెరువులో చేరిన నీరు వెంటనే తాగడానికి పనికిరాదు. మొదట పటిక కలుపుతారు. అది నీటిలోని సన్నని మట్టి రేణువులను కూడగట్టి అడుగుకు దింపుతుంది. తరువాత ఇసుక పొరలున్న ఫిల్టర్ బెడ్ల గుండా వడగట్టి క్లోరిన్ కలుపుతారు. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కుళాయి నీటిలో వచ్చే ఆ ఘాటు వాసన చాలామందికి గిట్టదు గాని, అది కాపలా ఉన్నదనడానికి గుర్తు. శుద్ధి చేసిన నీటిని ఎత్తైన ట్యాంకులకు ఎక్కిస్తారు. అక్కడి నుండి నీటిని నడిపేది భూమ్యాకర్షణ శక్తి. ట్యాంకుకు దగ్గరగా, పల్లంలో ఉన్న వీధులకు ధారగా వస్తుంది. దూరంగా, మెరకలో ఉన్న కాలనీలకు సన్నగా వస్తుంది. అందుకే నీటి విభాగపు ఉద్యోగి వేకువనే వీధివీధికీ వెళ్ళి, ఒక వాల్వు కట్టి మరొకటి తిప్పి, వంతులవారీగా నీరు వదులుతాడు. అతని చేతిలోని ఆ ఇనుప తాళం రాజదండం కంటె తక్కువది కాదు.

కొందరు తమ ఇంటి కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. దీనివల్ల పక్కవారి వాటా పోవడం ఒక్కటే కాదు, అంతకు మించిన హాని ఉంది. మోటారు పీల్చినపుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, బయట ఉన్న మురుగు పగుళ్ళ గుండా లోపలికి చేరుతుంది. ఇసుక పొరలలో ఎంతో శ్రమపడి వడగట్టిన నీరు వీధి మధ్యలో మళ్ళీ చెడిపోతుంది. అతిసారం వ్యాపించడానికి ఇది ఒక మార్గం.

వచ్చిన నీటిలో ఎక్కువ భాగం మురుగుగా మారుతుంది. దీని ప్రస్తావన కావ్యాలలో బొత్తిగా లేదు. మన పట్టణాలలో చాలాకాలం పాకీదొడ్లను మనుషుల చేతనే శుభ్రం చేయించారు. ఆ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, వారిని ఊరికి దూరంగా ఉంచారు. దీనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, మరింత పటిష్ఠంగా 2013లో మరొక చట్టం వచ్చాయి. అయినా దేశంలో మురుగు గుంతలలో దిగి ఊపిరాడక మరణించే కార్మికుల వార్తలు ఆగలేదు. నగర వైభవాన్ని కొలిచేవారు గోపురాల ఎత్తుతోపాటు ఈ గుంతల లోతును కూడా కొలవాలి.

ఆదోనికి పొరుగున ఉన్న ఎమ్మిగనూరు నేతకు పేరుపొందింది. సేవలన్నీ ప్రభుత్వమే చేయాలన్న నియమం లేదని ఈ ఊరి చరిత్ర తెలుపుతుంది. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఇక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. నూలు కొనడానికి షావుకారు వద్ద చేయిచాచే నేతగాడికి సంఘమే నూలు ఇచ్చి, బట్ట తీసుకొని, మజూరీ చెల్లించింది. తువ్వాళ్ళు, దుప్పట్లు దూరప్రాంతాలకు వెళ్ళాయి. కార్మికుల కోసం కాలనీ వెలిసింది. తరువాతి కాలంలో మరమగ్గాల పోటీకి చేనేత తగ్గింది గాని, ఆ కాలనీ పేరు ఊరిలో నిలిచింది.

పుష్యమాసంలో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. ఖాళీగా ఉన్న నేలపై అంగళ్ళు, రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు, పశువుల సంత వెలుస్తాయి. చూసేవారికి అది అచ్చంగా మాయాబజారే. కాని దానికీ నీటి ట్యాంకర్లు నడపాలి, దీపాల తీగలు లాగాలి, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించాలి. రాయలవారి తలారి చేయబోయిన పని అక్కడ నేటి పోలీసులు చేస్తారు. జాతర ముగిసిన మర్నాడు అంగళ్ళవారు మూటలు కట్టుకొని వెళ్ళిపోతారు. చీపుర్లు, బండ్లు పట్టుకొని పారిశుద్ధ్య కార్మికులు మైదానంలోకి దిగుతారు. అప్పటికి కాలువ మూసే రోజులు దగ్గరపడుతుంటాయి. నిల్వ చెరువు గట్టున కొలతరాయి మీద నీటిమట్టాన్ని చూసి రాసుకోవడం మొదలవుతుంది.