మీకు తెలుసా? సూరత్‌లో తెలుగు బడులున్నాయి

గుజరాత్‌లోని సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఊళ్లో ఎవరెవరు స్థిరపడ్డారో ఈ జాబితానే చెబుతుంది.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తపతి నది పడమరకు 724 కిలోమీటర్లు ప్రవహించి, సూరత్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఒడ్డున ఉన్న సూరత్ రేవులోనే 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ వర్తక కోఠీ పెట్టింది. ఇప్పుడు ఊరికి ఆధారం చీరల బట్ట, వజ్రాల సాన. వజ్రాల పనిలో సౌరాష్ట్ర వాళ్లు, మరమగ్గాల మీద గంజాం ఒడియాలు ఎక్కువ.

మన పద్మశాలీలు ప్రధానంగా తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లారు. సొంతూళ్లలో చేమగ్గం కూడు పెట్టడం మానేశాక, చేతిలోని విద్యనే నమ్ముకుని మగ్గాలున్న చోటికి చేరారు. రైల్వే లైనుకు తూర్పున ఉన్న లింబాయత్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. అది పల్లపు నేల. వానాకాలంలో మీఠీ ఖాడీ వాగు పొంగితే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. కష్టపడి నగరానికి బట్ట నేసేవాళ్ల వాటాకు పల్లమే రావడం బాధ కలిగిస్తుంది.

2011 జనాభా లెక్కల్లో నగరంలో వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు సుమారు 756 మందే. ఒంటరిగా పనికి వచ్చిన మగవాళ్లే దానికి ముఖ్య కారణం. పిల్లలకు తెలుగు బడి కావలసి వచ్చిందంటే మనవాళ్లు సంసారాలతో స్థిరపడ్డారన్నమాట. సొంతూళ్లకు వచ్చిపోవడానికి రైలూ ఉంది: అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్, వరంగల్ రెండింటిలోనూ ఆగుతుంది.