బాడుగ ఇల్లు కావాలా? ఓనర్ ముందుగా చూసేది ఇవే..!

పుంగనూరు: టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే ఓనర్ నుంచి వచ్చే మొదటి ప్రశ్న.. 'ఏం పని చేస్తారు?' నెలనెలా బాడుగ వస్తుందా, అడిగినప్పుడు ఇల్లు ఖాళీ చేస్తారా అన్న రెండు అనుమానాలే దీని వెనుక ఉంటాయి. అందుకే నెల జీతం ఉన్న కుటుంబాలకు ఇల్లు తేలిగ్గా దొరుకుతుంది. బ్యాచిలర్లు, రోజుకూలీలు మాత్రం వీధి వీధి తిరగాల్సిందే.

ఆ తర్వాత ఓనర్లు అడిగేవి ఆధార్ కాపీ, పాత ఇంటి వివరాలు, అడ్వాన్స్. ఆధార్‌లో చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వొచ్చు.

అసలు చిక్కు అగ్రిమెంట్‌తోనే. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ ఏపీలో 1999 సవరణ తర్వాత ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. లేకపోతే గొడవ కోర్టుకెక్కినప్పుడు ఆ కాగితంలోని షరతులు నిలవడం కష్టం. ఆ నష్టం ఇద్దరిదీ.

అందుకే అడ్వాన్స్, బాడుగ చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో, ఫోన్‌పేలోనో పంపడం మేలు. నగదు ఇస్తే రసీదు తప్పనిసరిగా తీసుకోవాలి. ఇల్లు ఖాళీ చేసే రోజు మాటకు మాట వస్తే అక్కరకొచ్చేది ఆ లెక్కే.