బల్లమీది యుద్ధమునకు మొదటి సేన

రథ, గజ, తురగ, పదాతులను నాలుగంగములతో పోరాడు చతురంగక్రీడ మన దేశముననే పుట్టినది. అయితే చదరంగమున ఇరువురికిని సేన సిద్ధముగానే లభించును. చిన్న భటుల బొమ్మలతో బల్లమీద నాడు యుద్ధక్రీడలో అట్లు గాదు. ఏ భటులను, ఎందరిని చేర్చుకొనవలెనో ఆటగాడే నిర్ణయించి, వారికి రంగులు వేసి, రంగమునకు తేవలెను. అట్టి మొదటి సేనను కూర్చుకొను విధమును ఇచ్చట వివరింతుము.

ఈ క్రీడ మొదట బాలుర వినోదమునకై యేర్పడినది కాదు. 1824 లో ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను సైనికోద్యోగి, తన తండ్రి యారంభించిన యుద్ధక్రీడను సవరించి, పటముమీద దిమ్మలను నడపి పాచికలతో ఫలితము తేల్చు నియమములను ప్రకటించెను. సేనాధికారులు దానివలన శిక్షణ పొందిరి. బొమ్మల యుద్ధమును గృహములలో వ్యాపింపజేసిన వారిలో ముఖ్యుడు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. ఆయన 1913 లో 'లిటిల్ వార్స్', అనగా చిన్న యుద్ధములు, అను పుస్తకమును ప్రకటించెను.

సేనను కూర్చువాడు మొదట తెలిసికొనవలసినది ఆట నియమములు. వెల్స్ నియమములలో పదాతి ఒక విడతకు ఒక అడుగును, రౌతు రెండడుగులును నడచును. ఫిరంగి పేలవలెనన్న దానికి ఆరంగుళముల లోపల స్వపక్షమువారు నలుగురైన నుండవలెను. కావున సొంపుగా నున్నవని ఫిరంగులనే కొనువాని సేన, కొలదిమంది భటులు కూలగానే మూగవోవును. నేటి 'వార్‌హ్యామర్' వంటి ఆటలలో ప్రతి భటునికి నిన్ని అంకములని విలువ కట్టుదురు. ఇరుపక్షముల మొత్తములు సమానముగా నుండవలెను. ఒకడు బలిష్ఠుడైన వీరునొక్కని తేవచ్చును. వేరొకడు అదే విలువకు సామాన్యులను పలువురను తేవచ్చును.

రెండవది, సంఖ్య. పెద్ద సేనను ఒక్కమారే కొనువారి భటులు పెక్కుమంది పెట్టెలోనే రంగులేక యుండిపోవుదురు. వెల్స్ పద్ధతి ఆటకు ఇరువది పదాతులు, ఆరుగురు రౌతులు, ఒక ఫిరంగి మొదట చాలును. స్నేహితునికి సేన లేనిచో అంతే పరిమాణము గల రెండవ సేనను గూడ సిద్ధపరుపుడు. ఎదిరి లేనిదే యుద్ధము లేదు. 72 వ వంతు కొలత గల ప్లాస్టిక్ బొమ్మలలో ఆరడుగుల మనుష్యుడు సరిగా ఒక అంగుళ ముండును. అట్టివారికి భోజనపు బల్లయే విశాలమైన మైదానము.

మూడవది, రంగులు. బొమ్మలను సబ్బునీట కడిగి ఆరబెట్టి, అట్టముక్కలమీద అంటింపవలెను. పిమ్మట పలుచని పూత నొకదానిని వేసి, అది యారిన తరువాతనే రంగులు వేయవలెను. ఒక్కొక్కని పూర్తిచేయుటకంటె ఐదారుగురను వరుసగా నిలిపి, అందరికి మొదట అంగీలు, తరువాత టోపీలు, పిదప తుపాకులు అను క్రమమున వేసిన కాలము కలిసివచ్చును. చిక్కని రంగు ముఖముల రేఖలను కప్పివేయును గనుక, పలుచగా రెండుమారులు వేయుట మేలు.

ఇక గుడ్డక్రింద పుస్తకముల నుంచిన కొండలగును, అట్టపెట్టెలు ఇండ్లగును. మొదటి యుద్ధమున ఓడినను విచారింపవలదు. సేనలో నేది కొరతయో ఆ యోటమియే తెలుపును. తరువాత కొనవలసినదానిని అప్పుడు నిర్ణయించుకొనవచ్చును.

ఒక సంగతి మరువరాదు. ఇట్టి చిన్న యుద్ధములను మూడు నాలుగు మారులాడినవానికి నిజమైన యుద్ధమెంత యవివేకపు కార్యమో తెలియునని వెల్స్ తన పుస్తకాంతమున వ్రాసెను. మరుసటి సంవత్సరము, 1914 లో, ఐరోపా యందు మహాయుద్ధము ప్రారంభమాయెను. మనము గంటసేపు కూర్చుండి రంగువేసిన భటుడు ఒక్క విడతలో పడిపోవునప్పుడు మనస్సు చివుక్కుమనును. బల్లమీద పడినవాడు మరునాటి యాటకు లేచి నిలుచును; రణభూమిని పడినవాడు లేవడు. ఈ భేదము నెరిగి యాడువానికే ఈ క్రీడ నిజమైన వినోదము.