పట్టణపు చాయ్ హోటలులో ఒక పూట

వేకువనే సద్దిసంగటియు మజ్జిగయు కుడిచి చేనికి పోవుట మన ఎర్రగుంట్ల ప్రాంతపు తాతలనాటి వాడుక. టీ మన ఇండ్లలోనికి వచ్చి బహుకాలము కాలేదు. దానినిగూర్చియు, పట్టణములో దానిని త్రాగు చోటునుగూర్చియు నేను చూచినది కొంత చెప్పెదను.

తేయాకునకు పుట్టినిల్లు చీనాదేశము. అచ్చట ఒక సీమవారు దానిని ‘తే’ అనిరి, మఱియొక సీమవారు ‘చా’ అనిరి. ఓడలమీద పడమటికి పోయిన పేరు ‘టీ’ అయినది. నేలదారిని పారసీకమునకు పోయినది ‘చాయ్’ అయినది. కావున మనము టీ యనినను, హైదరాబాదువారు చాయ్ అనినను ఆకు ఒక్కటియే. 1823 లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండు వర్తకుడు అస్సాము అడవులలో ఈ చెట్టును చూచెను. అచ్చటి సింగ్‌ఫోలు అంతకుముందే దాని ఆకును వాడుచుండిరి. తోటలు పెరిగినవి. సరకునకు గిరాకి పెంచుటకై 1903 లో తేయాకు ఎగుమతిపై సుంకము విధించి, ఆ సొమ్ముతో ప్రచారము సాగించిరి. మనకీ అలవాటు దానంతట అది రాలేదు సుమా!

ఆ మధ్య ఒక పనిమీద, మా ఊరి వృద్ధుడొకనిని తోడు తీసికొని రాత్రిబండిలో కాచిగూడ చేరితిని. పని ముగియునప్పటికి పది గంటలు దాటినది. పలహారమునకు ప్రొద్దెక్కినది, భోజనమునకు వేళ కాలేదు. ఎదురుగా వీధి మూలను ఇరానీ హోటలు కానవచ్చెను. ఇరానుదేశమునుండి వచ్చినవారు బొంబాయి, పూనా, హైదరాబాదులలో ఇట్టివి నెలకొల్పిరి. ఆబిడ్సులోని గ్రాండ్ హోటలు 1935 నాటిది. నేడివి పలుచబడినవి గాని లేకపోలేదు.

చలువరాతి బల్లకడ కూర్చుంటిమి. వారు చాయ్ కాచు పద్ధతి మనది గాదు. మనము నీళ్లు, పాలు, ఆకు, చక్కెర ఒక్క గిన్నెలోనే పోసి మరిగింతుము. వారు ఆకును నీటిలో వేసి, ఆవిరి పోకుండ మూతపెట్టి, సన్నని సెగమీద చాలసేపు ఉంచుదురు. పాలు వేఱుగా కాగి కాగి చిక్కబడును. కప్పులో ముందు కషాయము, పైన పాలు. నాలుకకు తీపియు కొంచెము వగరును ఒక్కమారే తగులును. దానితో ఉస్మానియా బిస్కత్తులు, వెన్న పూసిన బన్ను, ఉల్లిపాయ కూరిన చిన్న సమోసాలు తెచ్చి పెట్టిరి. బిస్కత్తు తీపిలో ఉప్పదనము కలదు. చాయిలో ముంచి తినవలెను, ఆలస్యించితిమా కప్పు అడుగునకు జారును! మన ఉగ్గాని బజ్జీకి ఇవి సాటిరావని నా తలంపు. ఒక్కమాట: అన్నముతోడనే టీ త్రాగినచో ఆహారములోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తము తక్కువైనవారు భోజనమునకును టీకిని ఒక గంటైనను ఎడమియ్యవలెను.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి. నా చిన్ననాట మా వైపు ఒక టీ అంగడిలో రెండు విధముల గ్లాసులుండెడివి. కొందఱి గ్లాసులు లోపల బల్లమీద; కొందఱివి వెలుపల చూరులో. చూరులోనివాటిలో త్రాగినవారు తామే కడిగి మరల అచ్చటనే పెట్టవలెను. 1950 లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17 వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. 1955 నాటి చట్టము హోటళ్లలో ఇట్టి భేదమును శిక్షార్హము చేసెను. అయినను ఆ చూరు గ్లాసులు అటుపిమ్మటను ఉండుట నేనెఱుగుదును. నేను లోపల కూర్చుండి త్రాగినవాడను, అడుగలేదు.

నాతో వచ్చిన ముసలాయన ఆ చూరు గ్లాసులో త్రాగినవాడు. హోటలులో చాయ్ ముగింపగానే కప్పును సాసరును చేతబట్టుకొని లేచి, “అన్నా, వీటిని యాడ కడగాల?” అని నన్నడిగెను. నాకు నోట మాట రాలేదు. అంతలో వడ్డించు పిల్లవాడు వచ్చి, “ఉంచండి చాచా” అని వాటిని అందుకొని, మా బల్లమీదనున్న నా కప్పుతో చేర్చి, ఒక్క తట్టలోనే వేసికొని పోయెను.

ముసలాయన కొంతసేపు ఆ తట్ట పోయిన వైపే చూచి, మరల కూర్చుండి, ఇంకొక చాయ్ తెమ్మనెను. దాని డబ్బు నన్ను ఇయ్యనీయక తానే చెల్లించెను.