పంచదార మానేసి స్వీటెనర్ మాత్ర వేసుకుంటే సరిపోతుందా?

షుగర్ ఉందనగానే చాలామంది టీలో పంచదార మానేసి స్వీటెనర్ మాత్ర వేసుకుంటున్నారు. వీటిలో అస్పర్టేమ్ పంచదార కంటే సుమారు 200 రెట్లు, సుక్రలోజ్ 600 రెట్లు తీపి. అందుకే రవ్వంత చాలు, రక్తంలో చక్కెర పంచదారతో పెరిగినట్టు పెరగదు.

మరి భయం దేనికంటే, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి వీటిని వాడొద్దని చెప్పింది. ఈ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు కాదు. అదే ఏడాది అస్పర్టేమ్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చారు. అయినా రోజుకు కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చలేదు.

అలాగని బెల్లం టీ మొదలుపెట్టకండి. మందుల్లేకుండా పండించిన చెరకు బెల్లమైనా రక్తంలో చక్కెరను పెంచుతుంది. తీపినే కొంచెం కొంచెంగా తగ్గించుకోండి, నాలుక దానికే అలవాటు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏది మార్చినా ముందు డాక్టర్‌ని అడగండి.