పారిశ్రామిక ఉష్ణోగ్రతా సంవేదకాలు – ఎంపిక

కె.సి. కాలువ కింద బండి ఆత్మకూరు పొలాల్లో పండిన వడ్లను విత్తనంగా దాచాలంటే తేమను 13 శాతానికి దించాలి. ఎండ లేనప్పుడు ఈ పనికి డ్రైయరు కావాలి. అందులోకి పంపే వేడిగాలి 43 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. దాటితే గింజ పైకి బాగానే కనిపిస్తుంది, కానీ మొలకశక్తి దెబ్బతింటుంది. ఆ సంగతి రైతుకు నారుమడి పోసిన తరువాత గాని తెలియదు. మరి ఆ గాలి వేడిని దేనితో కొలవాలి?

ఎక్కువ వేడికి ఆగేదే మంచి సంవేదకమని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అలా చూస్తే 1,200 డిగ్రీల వరకు పనిచేసే కె-రకం థర్మోకపుల్‌ను ఎంచుకోవాలి. కానీ రెండవ తరగతి కె-రకంలో అనుమతించిన దోషమే ±2.5 డిగ్రీలు. మీటరు 43 చూపుతున్నప్పుడు గాలి 45.5 ఉండవచ్చు. పీటీ-100 అనే ప్లాటినం నిరోధ సంవేదకంలో ఎ-తరగతికి ఇదే ఉష్ణోగ్రత వద్ద దోషం సుమారు ±0.24 డిగ్రీలే. దీని నిరోధం సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు. డిగ్రీకి సుమారు 0.385 ఓము చొప్పున పెరుగుతుంది. మన డ్రైయరుకు ఇదే తగినది.

అయితే నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం సంవేదకంలో కాదు, తీగల్లో ఉన్నవే. 1821లో సీబెక్ గమనించిన ధర్మం ఆధారంగా థర్మోకపుల్ రెండు చివరల మధ్య ఉష్ణోగ్రతా భేదాన్ని మాత్రమే తెలుపుతుంది. మీటరు తన దగ్గరి ఉష్ణోగ్రతను దానికి కలుపుకుంటుంది. అందుకే మీటరు దాకా అదే రకానికి చెందిన తీగ వేయాలి. ఖరీదని మామూలు రాగి తీగ వేశారనుకోండి. డ్రైయరు పక్కన తీగలు కలిపిన పెట్టె 38 డిగ్రీలు, మీటరు గది 30 డిగ్రీలు ఉంటే, మీటరు 8 డిగ్రీలు తక్కువ చూపుతుంది. అది 43 అంటున్నప్పుడు గాలి నిజంగా 51! విత్తనం పోయినట్లే. పీటీ-100కు రెండు తీగలే వాడితే వాటి నిరోధం కూడా లెక్కలో చేరి మీటరు ఎక్కువ చూపుతుంది. మూడో తీగ వేస్తే ఈ దోషం చాలావరకు తొలగుతుంది.

ఇదే నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీకి వెళితే పీటీ-100కు చోటే తగ్గిపోతుంది. బట్టీకి ముందున్న వేడి వాయువులు 900 డిగ్రీలకు దగ్గరగా ఉంటాయి. అక్కడ తొడుగు వేసిన కె-రకమే సరైనది. బట్టీ లోపల క్లింకరు సుమారు 1,450 డిగ్రీల వద్ద తయారవుతుంది. పైగా బట్టీ తిరుగుతూ ఉంటుంది. అందువల్ల తాకకుండా, వెలువడే వికిరణాన్ని బట్టి కొలిచే పైరోమీటరు అవసరం. మధ్యలో దుమ్ము అడ్డొస్తే మామూలు పైరోమీటరు తక్కువ చూపుతుంది. రెండు తరంగదైర్ఘ్యాల నిష్పత్తిని తీసుకునే రకానికి ఆ బాధ తక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రెండు తీగల పీటీ-100 నుంచి మీటరుకు 117.4 ఓములు అందాయి. తీగల మొత్తం నిరోధం 0.8 ఓము. మీటరు ఎంత చూపుతుంది? గాలి అసలు ఉష్ణోగ్రత ఎంత? డ్రైయరు మంట తగ్గించాలా?